నెమలికంఠం రంగు వెండి డాలరు, ఆరు వారాలకు సరిపోని అత్యవసర నిధి

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 38. హెచ్-1బి వీసాపై ఉన్నాను. నా భార్యది నా మీద ఆధారపడిన హెచ్-4 వీసా, ఉద్యోగం లేదు. పిల్లలు ఇద్దరు. ఇంటి వాయిదాతో కలిపి నెలకు 7,000 డాలర్ల ఖర్చు ఉంది, నెలకు 1,500 మిగులుతోంది. బ్యాంకులో 9,000, కంపెనీ ద్వారా పదవీ విరమణ కోసం దాచే 401కె ఖాతాలో 1,40,000 ఉన్నాయి. ఇంటి అప్పు ఇంకా 3,80,000 తీరాలి. ఆరేళ్లుగా అమెరికా తొలినాటి వెండి నాణేలు, ముఖ్యంగా సహజంగా రంగు తేలిన క్యాప్డ్ బస్ట్ (టోపీ పెట్టుకున్న స్త్రీ బొమ్మ ఉన్న) అర డాలర్లు సేకరిస్తున్నాను. 11 నాణేలకు ఇప్పటివరకు 18,000 పెట్టాను. ఇప్పుడు 1799 నాటి డ్రేప్డ్ బస్ట్ డాలరు ఒకటి, ఏయూ-58 గ్రేడుది, అంటే చాలా కొద్దిగా మాత్రమే అరిగినది, అంచు చుట్టూ నీలం, ఊదా రంగులతో 24,000కు వస్తోంది. అదే గ్రేడులో రంగు లేని నాణెం 16,000 ప్రాంతంలో ఉంది. 14,000 డాలర్లు 401కె నుంచి అప్పుగా, మిగతా 10,000 పద్దెనిమిది నెలలు వడ్డీ లేని క్రెడిట్ కార్డు మీద తీసుకుందామనుకుంటున్నాను. ఈ రెండు అప్పుల్లో దేని వాటా పెంచుకుంటే మంచిది? దీన్ని పెట్టుబడిగా కూడా చూస్తున్నాను.

జవాబు: రెండూ వద్దు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం నాణెం కాదు, మీరు ప్రశ్న అడిగిన తీరు. నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో అప్పు చేయాలన్న నిర్ణయం అప్పటికే జరిగిపోయి ఉంటుంది, ఎక్కడ తేవాలన్నది మాత్రమే నన్ను అడుగుతారు. కొందరు శంషాబాద్ అవతల ప్లాటు కోసం అడుగుతారు, కొందరు బంగారం కోసం, మీరు రెండు శతాబ్దాలు దాటిన వెండి డాలరు కోసం అడిగారు. ఆ అప్పు తీర్చే దారి మూసుకుపోతే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుందన్న లెక్క మాత్రం ఈ ఉత్తరాల్లో దేనిలోనూ కనిపించదు.

ఆ లెక్క మీ విషయంలో ఇలా ఉంది. నెలకు 7,000 ఖర్చయ్యే ఇంటికి 9,000 డాలర్లు ఆరు వారాలు కూడా రావు. హెచ్-1బిపై ఉన్నవారికి ఉద్యోగం పోతే మరో యాజమాన్యాన్ని వెతుక్కోవడానికో, వీసా స్థితి మార్చుకోవడానికో, దేశం విడిచి వెళ్లడానికో దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. అంటే మీ డబ్బు మీ వీసా గడువుకన్నా ముందే అయిపోతుంది. ఆ రెండు నెలల్లో ఇంటి వాయిదా ఆగదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఆగిపోతే దాన్ని సొంత ఖర్చుతో కొనసాగించాలి, ఒకవేళ తిరిగి వెళ్లాల్సి వస్తే నలుగురికి హైదరాబాద్ టికెట్లు కొనాలి, కారును దొరికిన ధరకు వదిలించుకోవాలి, ఇంటిని ఖాళీగా పెట్టి అమ్మకం కోసం ఎదురు చూడాలి. ఇద్దరూ సంపాదించే పౌరుల కుటుంబానికి మూడు నెలల నిధి చాలునని ఎవరైనా అంటే నేను వాదించను, కానీ ఒక్కరి జీతం మీద, ఒక్క వీసా మీద నిలబడిన ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 42,000 డాలర్లు, అడిగిన రోజే చేతికి వచ్చేలా పొదుపు ఖాతాలో ఉండి తీరాలి. మీకు ఇంకా 33,000 లోటు ఉంది. 24,000 డాలర్ల నాణెం గురించి మాట్లాడే ముందు మాట్లాడవలసింది ఈ 33,000 గురించే.

ఇక మీరు ఎంచుకున్న అప్పులు రెండూ ఉద్యోగం పోయిన రోజున ఒకేసారి మీద పడే రకాలు. ఉద్యోగం వదిలితే 401కె అప్పు బకాయిని ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా సర్దలేకపోతే దాన్ని ఖాతా నుంచి తీసుకున్న సొమ్ముగానే లెక్కగడతారు. దాని మీద ఆదాయపు పన్ను, యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండలేదు కనుక పైన మరో 10 శాతం కట్టాలి. కార్డు సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. పద్దెనిమిది నెలల్లో 10,000 తీర్చాలంటే నెలకు 556 డాలర్లు కావాలి, 401కె వాయిదా దానికి అదనం, మీకు మిగులుతున్నది 1,500. ఏ చిన్న ఖర్చు వచ్చినా మొదట ఆగేది ఈ కార్డు చెల్లింపే. గడువు దాటిన మర్నాటి నుంచి తీరని బాకీ మీద పడే వడ్డీ మామూలుగా 20 శాతం పైమాటే. సున్నా వడ్డీ అన్న మాట విని తమ స్తోమతను మించి కొన్నవారిని నేను చాలామందిని చూశాను. ఈ విషయంలో ఓపికగా నచ్చజెప్పే దశ నాకు దాటిపోయింది. ఇంటి మీద అప్పు తేవాలన్న ఆలోచన మీకు రాలేదు, రానివ్వకండి కూడా.

ఇప్పుడు నాణెం విషయం. మీ అభిరుచిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. జార్జ్ వాషింగ్టన్ కన్నుమూసిన ఏడాదిలో ఫిలడెల్ఫియా టంకశాలలో ముద్రపడిన డాలరును ఒక్కసారి చేతిలోకి తీసుకున్నవారికి దాని మీద మమకారం ఎందుకు కలుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. అయితే పెట్టుబడి అన్న మాట మీరు వాడారు కనుక ఆ 24,000 దేనికి ఇస్తున్నారో విడదీసి చూడాలి. ఆ నాణెం బరువు 26.96 గ్రాములు, అందులో అచ్చమైన వెండి 24 గ్రాములు, అంటే మన లెక్కలో రెండు తులాల పైచిలుకు. వెండి ధర ఎంత పెరిగినా దాని ప్రభావం ఈ కొనుగోలులో లేనట్టే. పాతదనానికి, అరుదుదనానికి, అంతగా అరగని ముద్రకు కలిపి మీరు చెప్పిన ప్రకారమే 16,000. మిగిలిన 8,000 డాలర్లు పూర్తిగా రంగుకే ఇస్తున్నారు.

ఆ రంగు ఏమిటో మీకు తెలుసు, కానీ డబ్బు కోణంలో మరోసారి చూడండి. గాలిలోని గంధకపు వాయువులు, పాత కాగితపు కవర్లలోని గంధకం వెండిని తాకి ఏళ్ల తరబడి పేర్చిన పొర అది. మందం తల వెంట్రుకలో నూరో వంతు ఉండదు. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులీనినట్టు, ఆ పలుచని పొర మీద వెలుగు విరిగి మొదట లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఊదా, ఆపైన నీలం కనిపిస్తాయి. వెలుగులో కాస్త వంచి చూస్తే, అంచు దగ్గర నెమలికంఠం రంగు, లోపలికి వచ్చేసరికి బంగారు ఛాయ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పొర ఇంకా మందమైతే చివరకు మిగిలేది నలుపు. మన ఇళ్లలో దేవుడి దగ్గర వెండి కుందులు నల్లబడేదీ ఈ కారణంగానే. ఎరిక్ న్యూమన్ సేకరణలోని తొలినాటి వెండి నాణేలు దశాబ్దాలపాటు చిన్న కాగితపు కవర్లలో ఉండి అందంగా రంగు తేలాయి. 2013లో అవి వేలానికి వచ్చినప్పుడు సేకర్తలు వాటి రంగు కోసం పోటీపడ్డారు.

కానీ అదే రంగును గంధకంతో, వేడితో కొద్ది రోజుల్లో పుట్టించేవారూ ఉన్నారు. రంగు సహజమైనది కాదని అనుమానం వస్తే నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే సంస్థలు మామూలు గ్రేడు ఇవ్వవు, ధర అక్కడే పడిపోతుంది. గ్రేడు వచ్చి ప్లాస్టిక్ పెట్టెలో భద్రంగా ఉన్న నాణేనికి కూడా రంగు విలువను చెప్పే ధరల పట్టిక ఏదీ లేదు. ఆ రోజు వేలంలో ఆ రంగును ఇష్టపడేవారు ఇద్దరుంటే ఆ 8,000 వస్తాయి. ఒక్కరే ఉంటే రావు.

ఇద్దరు ఉన్నారనే అనుకుందాం. కొన్న మరుసటి నెలే మీకు డబ్బు అవసరమై, మీకున్నంత మోజుతోనే మరొకరు మొత్తం 24,000 పెట్టడానికి సిద్ధపడ్డారనుకోండి. వేలం సంస్థ కొనుగోలుదారు నుంచి 20 శాతం అదనపు రుసుము తీసుకుంటే, సుత్తి పడే ధర, అంటే వేలంపాట ముగిసే ధర, 20,000 దగ్గర ఆగుతుంది. సంస్థ మీ నుంచి పైసా కమిషన్ తీసుకోకపోయినా చేతికి వచ్చేది అంతే. నాణెం విలువ ఒక్క డాలరు తగ్గకుండానే మీకు 4,000 నష్టం. పైగా నాణెం అప్పగించడం, కేటలాగు, వేలం, చెల్లింపు అన్నీ కలిపి సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది, మీ వీసా ఇచ్చే వ్యవధి అరవై రోజులు. లాభంతో అమ్మగలిగినా, ఏడాదికి పైగా దాచిన సేకరణ వస్తువుల లాభం మీద పన్ను 28 శాతం దాకా ఉంటుంది, షేర్లకు ఉండే తక్కువ రేటు వర్తించదు.

తొలినాటి అమెరికా వెండికి శిఖరం లాంటి నాణెం కథ కూడా చెప్పాలి. 1794 అక్టోబరులో టంకశాల మొదటిసారి 1,758 వెండి డాలర్లు అందించింది. వాటిలో మేలిమిదిగా పేరున్న ఒకటి 2013 జనవరిలో 1,00,16,875 డాలర్లకు అమ్ముడై రికార్డు సృష్టించింది. 2020 అక్టోబరులో దాన్ని మళ్లీ వేలానికి పెడితే యజమాని కోరిన కనీస ధరకు ఎవరూ రాలేదు, నాణెం వెనక్కి వెళ్లింది. 2022లో 1.2 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. తొమ్మిదేళ్లకు లెక్క వేస్తే ఏడాదికి సుమారు రెండు శాతం, అది కూడా ఆగగల స్తోమత ఉన్నందువల్ల. అప్పు వాయిదా తలమీద ఉన్నవారు 2020లోనే వచ్చిన ధరకు ఇచ్చేయాల్సి వచ్చేది.

ఈ లోపు మరో పెద్ద ఖాళీ ఉంది. మీ ఉత్తరంలో జీవిత బీమా ప్రస్తావనే లేదు. కంపెనీ ఇచ్చే పాలసీ ఒక్కటే ఉంటే అది సాధారణంగా ఉద్యోగంతోనే ముగిసిపోతుంది. 3,80,000 ఇంటి అప్పు, సంపాదన లేని భార్య, చిన్న పిల్లలు ఉన్నప్పుడు పది లక్షల డాలర్లకు తగ్గని టర్మ్ పాలసీ సొంతంగా ఉండాలి. హెచ్-1బి వారికి కూడా ఇక్కడి సంస్థలు చాలావరకు ఇస్తాయి. ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. ఇప్పటికే ఉన్న 11 నాణేలకూ బీమా చూసుకోండి. మామూలు గృహ బీమాలో నగదు, నాణేలు అన్నీ కలిపి పరిమితి చాలా పాలసీల్లో 200 డాలర్లే ఉంటుంది. బ్యాంకు లాకరులో పెట్టినా, బ్యాంకు డిపాజిట్లకు ఉండే ఎఫ్‌డీఐసీ బీమా భరోసా దానికి వర్తించదు. సేకరణలకు విడిగా పాలసీ తీసుకోవాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పదవీ విరమణ కోసం సొంతంగా తెరిచే ఐఆర్ఏ ఖాతా ద్వారా ఇలాంటి నాణెం కొనే ఆలోచన పనికిరాదు, కొన్న సొమ్మును మీరు బయటికి తీసుకున్నట్టే లెక్కగట్టి పన్ను వేస్తారు. 401కెలో కంపెనీ వాటా పూర్తిగా అందుతున్నంత జమ చేస్తూ ఉండండి. పెట్టుబడే కావాలనుకుంటే ఇండెక్స్ ఫండు చాలు.

మీ మిగులు 1,500 మొత్తాన్నీ అత్యవసర నిధికే మళ్లిస్తే 22 నెలల్లో లోటు పూడుతుంది. మీ 11 నాణేల్లో మనసుకు అంతగా పట్టనివి నాలుగైదు అమ్మితే ఇంకా ముందే పూడుతుంది. ఆ తర్వాత నెలకు కొంత నాణేలకని వేరే ఖాతాలో వేసుకుంటూ, అది నిండిన రోజున నగదుతో కొనండి. 1799 డాలరు మళ్లీ దొరకదేమో అన్న బెంగ వద్దు. ఆ ఏడాది ముద్రలుగా టంకశాల లెక్కల్లో 4,23,515 ఉన్నాయి, తొలినాటి డాలర్లలో తరచుగా అమ్మకానికి వచ్చేది అదే. సరిగ్గా ఇదే రంగుది రాకపోవచ్చు, మరో రంగుది వస్తుంది.

ఈ వారాంతంలో ఒక పని చేయండి. 11 నాణేలకూ ఫొటోలు తీసి, ఏడాది, గ్రేడు, పెట్టె మీది సంఖ్య, కొన్న ధర, అమ్మాలంటే ఎవరిని సంప్రదించాలన్నది తెలుగులో ఒక కాగితం మీద రాసి మీ శ్రీమతికి ఇచ్చి, ఆమెతో కూర్చుని వివరించండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఇంటికి వచ్చిన పెద్దవాళ్లు నల్లబడ్డ వెండి అనుకుని పెట్టె పగలగొట్టి చింతపండుతో తోమితే, ఆ రంగుకు మీరిచ్చిన ధర అంతా ఐదు నిమిషాల్లో పోతుంది. ఆ మాట కూడా ఆ కాగితం మీద మొదటి వరుసలోనే రాయండి.