బిడ్డ పేరుపై భార్యాభర్తలకు పడకపోతే?

నెల్లూరు దంపతుల ప్రశ్న ఇది: బాబుకు ముత్తాత పేరు పెంచలయ్య అని పెట్టాలని భర్త, రెండక్షరాల కొత్త పేరు కావాలని భార్య. ఇరవై ఒకటో రోజు బారసాల దగ్గరపడింది.

ముందు ఆ గడువు భయం వదలండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో తెలపాల్సింది పుట్టుకను మాత్రమే. పేరు లేకుండానే నమోదు చేస్తారు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుము కట్టి చేర్చుకోవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. పెంచలయ్య అంటే పెంచలకోన నరసింహస్వామి పేరు. మీ వారి పట్టుదల స్వామి మొక్కు కోసమా, తాత జ్ఞాపకం కోసమా? అది అడగకుండా వాదిస్తే తెల్లవార్లూ వాదనే. మొక్కయితే నరహరి అన్నా స్వామి పేరే, పలకడానికీ తేలిక. తాత కోసమైతే ఆ సర్దుబాటు కుదరదు. అప్పుడు పళ్లెంలోని బియ్యంలో ఉంగరంతో రెండు పేర్లూ రాయించి, రికార్డులో ఏది ఉండాలో తర్వాత తేల్చుకోండి. నక్షత్రాక్షరం పట్టింపు ఉంటే (రోహిణికి ఓ, వా, వీ, వూ) దాన్ని మూడో పేరుకు వదిలేయండి.

అమ్మమ్మ ఎలాగూ బుజ్జోడా అనే పిలుస్తుంది.