రాజకీయ పార్టీలో వేధింపులు ఎదురైతే పోష్ చట్టం (పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే చట్టం) వర్తిస్తుందా?

పార్టీ కార్యకర్తలకైతే ప్రస్తుతానికి వర్తించదు. రాజకీయ పార్టీకీ దాని సభ్యులకూ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి పార్టీలు ఆ చట్టం చెప్పే అంతర్గత ఫిర్యాదుల కమిటీ (సంస్థలోనే వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ) పెట్టనక్కర్లేదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

నాకైతే ఇది చాలా బాధగా ఉంది. 2013 నాటి ఆ చట్టమే జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లను కూడా ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. జెండా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే అమ్మాయి చేసేది పని కాదా? రాత్రి పదకొండింటికి నాయకుడు ఫోన్ చేసి "మీటింగ్ ఉంది, నువ్వొక్కదానివే రా" అంటాడు. వెళ్లకపోతే రేపు వార్డు టికెట్ లిస్టులో పేరుండదని ఆమెకు టెన్షన్. ఆ టికెట్ ఇచ్చేదీ అతనే, ఫిర్యాదు వినాల్సిందీ అతనే.

దారులు పూర్తిగా మూసుకుపోలేదు. నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 75 (లైంగిక వేధింపు), 78 (వెంటపడటం), 79 (మాటలతో, సైగలతో అవమానించడం) కింద పోలీసు కేసు పెట్టొచ్చు. వీటికి ఉద్యోగమే ఉండాలన్న షరతు లేదు. మహిళా కమిషన్‌కూ రాయొచ్చు. పార్టీ ఆఫీసులో జీతానికి పనిచేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లు జిల్లా స్థానిక కమిటీకి (పోష్ చట్టం కింద జిల్లాలో ఫిర్యాదులు వినే కమిటీ) ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇచ్చి చూడాలి. మెసేజ్‌లు, కాల్ రికార్డులు మాత్రం డిలీట్ చేయకండి. తేదీలతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.