పరీక్షలో అదనపు గంట: అడగాలా, వద్దా?

ప్రశ్న: మా అబ్బాయి హనుమకొండలో సీబీఎస్‌ఈ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. అడిగితే పాఠమంతా చెప్పగలడు గానీ రాయడం చాలా నెమ్మది. ప్రతి పరీక్షలోనూ చివరి ఐదు మార్కుల ప్రశ్నలు వదిలేసి వస్తున్నాడు. సైకాలజిస్టు పరీక్షలు జరిపి డిస్‌గ్రాఫియా (రాతకు ఆటంకం కలిగించే అభ్యసన వైకల్యం) అని రిపోర్టు ఇచ్చారు. బోర్డు పరీక్షల్లో అదనపు సమయం కోసం దరఖాస్తు చేయమని పాఠశాల వారు చెబుతున్నారు. మావారు మాత్రం ఒప్పుకోవడం లేదు. సర్టిఫికెట్ తీసుకుంటే జీవితాంతం ముద్ర పడుతుందనీ, మిగతా పిల్లలకు అన్యాయం చేసినట్టవుతుందనీ, రోజూ కాపీరైటింగ్ రాయిస్తే సరిపోతుందనీ ఆయన వాదన. స్నేహితులు నవ్వుతారని పిల్లవాడు కూడా వద్దంటున్నాడు. ఆ గంట దొరికితే తొంభై శాతం దాటుతాడని నా ఆశ. ఏం చేయమంటారు? పదో తరగతి తరవాత ఎంపీసీలో చేర్చవచ్చా?

జవాబు: దరఖాస్తు చేయండి, అదీ ఈ సంవత్సరమే చేయండి. అయితే మీ ఇంట్లో ఒకే చర్చగా నడుస్తున్నది నిజానికి రెండు వేరువేరు నిర్ణయాలు. అనుమతి సంపాదించి ఉంచుకోవడం మొదటిది. దానికి నెలలు పడుతుంది, కాగితాలు కావాలి, పిల్లవాడు మైనరు కాబట్టి ఆ బాధ్యత తల్లిదండ్రులదే. ఆ సమయాన్ని పరీక్ష గదిలో వాడుకోవడం రెండోది, అందులో ఆఖరి మాట మీ అబ్బాయిది. ఈ రెంటినీ విడదీస్తే మీ ఇద్దరి మధ్య ఉన్న తగవు చాలావరకు సర్దుకుంటుందని నా నమ్మకం, ఎందుకంటే అనుమతి చేతిలో ఉండి వాడుకోకపోతే పోయేదేమీ లేదు గానీ, ఫిబ్రవరిలో అవసరమై అనుమతి లేకపోతే చేయగలిగేది ఏమీ ఉండదు.

ఇది ఎవరో దయతలచి ఇచ్చే మినహాయింపు కాదని మొదట మీవారికి చెప్పండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల జాబితాలో అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. వాటిని వీలైనంత చిన్న వయసులోనే గుర్తించాలని 16వ సెక్షన్, పరీక్షా విధానంలో అదనపు సమయం, లేఖకుడి (విద్యార్థి చెబుతుంటే రాసిపెట్టే వ్యక్తి) సాయం, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులు చేయాలని 17వ సెక్షన్ చెబుతున్నాయి. గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున పరిహార సమయం ఇవ్వాలన్నది కేంద్రం 2013లోనే జారీ చేసిన మార్గదర్శకాల్లోని లెక్క. సీబీఎస్‌ఈ కూడా దాన్నే పాటిస్తూ మూడు గంటల పేపరుకు 60 నిమిషాలు, రెండు గంటల పేపరుకు 40 నిమిషాలు ఇస్తుంది. అంటే అందరూ పదిన్నరకు మొదలుపెట్టి ఒంటిగంటన్నరకు ముగించే 80 మార్కుల పేపరును మీ అబ్బాయి రెండున్నర వరకు రాయవచ్చు.

ఇక అన్యాయం అన్న మాట. మీవారి అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అర్హత లేనివారు ఇలాంటి సదుపాయాన్ని వాడుకుంటే నష్టపోయేది నిజంగా అవసరమైన పిల్లలే. కానీ సాంఘిక శాస్త్రం పేపరు కొలవవలసింది జాతీయోద్యమం గురించి విద్యార్థికి ఏం తెలుసన్నదే గాని, అతని వేళ్లు నిమిషానికి ఎన్ని అక్షరాలు దిద్దగలవన్నది కాదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది కూడా దాదాపు ఇదే సమస్య. చేతిరాతను దెబ్బతీసే వ్యాధి ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేదన్న కారణంగా లేఖకుడిని నిరాకరించగా, ఆ గీత రిజర్వేషన్లకు వర్తిస్తుందే తప్ప పరీక్ష రాయడానికి అవసరమైన సహాయాన్ని నిరాకరించడానికి కారణం కాకూడదని కోర్టు తేల్చింది. ఆ తీర్పు తరవాత, 40 శాతం కన్నా తక్కువ వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బంది పడేవారి కోసం కేంద్రం 2022 ఆగస్టు 10న విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి మెడికల్ బోర్డు మీ అబ్బాయికి 40 కన్నా తక్కువ శాతం రాసినా దారి మూసుకుపోదు.

మీవారికి చట్టం కన్నా కళ్లకు కనిపించే రుజువు ఎక్కువ నమ్మకం కలిగిస్తుందనుకుంటే, ఒక ఆదివారం పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, మూడు గంటలు నీలం పెన్నుతో రాయించి, అక్కడి నుంచి మరో గంట నల్ల పెన్ను ఇవ్వండి. నల్ల సిరాలో ఏముందో ఇద్దరూ కూర్చుని చూడండి. వదిలేసిన ప్రశ్నలకు సరైన జవాబులు కనిపిస్తే అతనికి కొరవడింది సమయమే. ఆ గంటలో పేజీ ఖాళీగా ఉండిపోతే, లేదా రాసినదాన్నే కొట్టివేసి మళ్లీ రాస్తూ ఉండిపోతే, సమస్య చదువులోనో ఆందోళనలోనో ఉందని అర్థం. దానికి అదనపు సమయం మందు కాదు. రెండు మూడు సబ్జెక్టుల్లో ఇలా చేస్తే సరిపోతుంది. కాపీరైటింగ్ మాటకొస్తే, అది దస్తూరిని కొంత తీర్చిదిద్దవచ్చు గానీ, ఆలోచనను అక్షరంగా మార్చడంలోనే ఉన్న ఆటంకాన్ని పద్నాలుగో ఏట చూచిరాతతో తొలగించాలనుకోవడం పిల్లవాడిని శిక్షించడమే అవుతుంది.

ఈ పరీక్ష మీకు కూడా అవసరమే. అదనపు గంట తొంభై శాతం తెచ్చిపెడుతుందని మీరు రాశారు. అది తెలిసిన జవాబును కాగితం మీదికి రానిస్తుందే తప్ప తెలియని జవాబును పుట్టించలేదు. ఆ అంకెను దయచేసి పిల్లవాడి ముందు పలకవద్దు, ఎందుకంటే ఒకసారి పలికారంటే ఆ గంట అతనికి సాయంగా కాక, తీర్చవలసిన అప్పుగా కనిపించడం మొదలవుతుంది.

మీ ఉత్తరంలో లేని ఒక విషయం గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. డిస్‌గ్రాఫియా ఉన్న పిల్లలకు నాలుగు గంటలు రాయడమంటే చాలాసార్లు నాలుగు గంటల చేతినొప్పి. చివరి గంటలో అక్షరం మరింత చెదిరిపోయి, దిద్దేవారికి అర్థం కాని స్థితి వస్తే ఆ సమయం దొరికి కూడా వృథాయే. అందుచేత దరఖాస్తు సమయంలోనే, సమయం ఒక్కటే సరిపోతుందా, లేఖకుడు కావాలా, కంప్యూటరా అన్నది సైకాలజిస్టుతోనూ తరగతి ఉపాధ్యాయులతోనూ మాట్లాడండి. వైద్యుల సిఫార్సు ఉంటే ఇంటర్నెట్ సంబంధం లేకుండా, ముందే ఖాళీ చేసిన సొంత ల్యాప్‌టాప్‌ మీద జవాబులు టైపు చేయడానికి సీబీఎస్‌ఈ 2018 నుంచి అనుమతిస్తోంది. ఇంగ్లిషుకూ సాంఘికానికీ ఇది బాగా పనికొస్తుంది. గణితంలో సమీకరణాలు టైపు చేయడం పెద్దవాళ్లకే చికాకు. తెలుగు భాషగా తీసుకుని ఉంటే ఒత్తులూ గుణింతాలూ కీబోర్డు మీద తడుముకోకుండా రావడానికి విడిగా సాధన కావాలి. ఇక లేఖకుడి విషయానికొస్తే, మనసులో ఉన్నదాన్ని మరొకరు రాసుకునే వేగంతో, విరామ చిహ్నాలతో సహా పైకి చెప్పడం దానంతట అది వచ్చే విద్య కాదు. రేఖాగణితంలో పటం గీయించేటప్పుడైతే ‘ఏ నుంచి బీసీ మీదికి లంబం’ అని ప్రతి గీతనూ మాటలుగా మార్చాలి. మౌఖికంగా బాగా చెప్పే పిల్లవాడని మీరే అంటున్నారు కాబట్టి మీ అబ్బాయికి ఇది కలిసిరావచ్చు. ఏది ఎంచుకున్నా తొమ్మిదో తరగతి పరీక్షల్లోనే వాడి చూడాలి. బోర్డు పరీక్ష గది సాధనకు చోటు కాదు.

సర్టిఫికెట్ సంగతికి వస్తాను. సైకాలజిస్టు ఇచ్చిన రిపోర్టు పునాది వంటిది, దాన్ని భద్రపరచండి. ఆయనకు భారతీయ పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నమోదు ఉన్నదీ లేనిదీ కూడా చూసుకోండి. అన్నిచోట్లా చెల్లాలంటే ప్రభుత్వ వైద్యాధికారులు ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి. మన దగ్గర సదరం సర్టిఫికెట్ అని వాడుకలో ఉన్నది ఇదే, ఇప్పుడు యూడీఐడీ (దివ్యాంగుల విశిష్ట గుర్తింపు) కార్డుతో దేశమంతటా ఒకే నమోదు కిందికి వస్తోంది. స్లాటు దొరకడం, మదింపుకు రెండుమూడుసార్లు తిరగడం, కార్డు చేతికి రావడం అనేవి వేటికవే ఆలస్యమయ్యే పనులు. రిపోర్టులో ఏదైనా కొరత ఉంటే సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్ ఉంది, అక్కడి నిపుణులను సంప్రదించవచ్చు. తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లోనూ, పదిలో బోర్డుకు పంపే అభ్యర్థుల జాబితాలోనూ పాఠశాల ఈ వివరాన్ని సరిగ్గా నమోదు చేయాలి. నేను ఈ సంవత్సరమే అని పట్టుబట్టడానికి ఇదే కారణం.

ముద్ర పడుతుందన్న భయం ఎంతవరకు నిజం? ప్రైవేటు ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో పదో తరగతి పరీక్ష ఎన్ని గంటలు రాశావని అడిగేవారు ఉండరు. వైకల్యం కోటా కింద దరఖాస్తు చేయాలా, సాధారణ అభ్యర్థిగానే ఉండాలా అన్నది ప్రతి దశలోనూ అతని ఇష్టం. మదింపులో 40 శాతమో అంతకన్నా ఎక్కువో వస్తే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్‌కు కూడా అర్హుడవుతాడు, వాడుకోవడం మళ్లీ అతని నిర్ణయమే. సైన్యంలోనో విమానయానంలోనో చేరాలన్న కోరిక ఉంటే మాత్రం అక్కడి వైద్య ప్రమాణాలు వేరు కనుక వాటిని ముందే విడిగా విచారించుకోండి. మీవారి ఆందోళనకు గట్టి ఆధారం ఉన్నది ఆ ఒక్కచోటే.

పిల్లవాడి అభ్యంతరం నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచింది, మీ ఉత్తరంలో దానికి ఒక్క వాక్యమే దక్కింది. నవ్వుతారన్న భయాన్ని ‘ఎవరేమనుకుంటే నీకెందుకు’ అని కొట్టిపారేస్తే పద్నాలుగేళ్ల వాడు ఇక ఆ విషయం మీతో మాట్లాడడు. బోర్డు పరీక్ష సాధారణంగా మరో పాఠశాలలో జరుగుతుందనీ, ఇలాంటి విద్యార్థులను వీలైనంతవరకు కింది అంతస్తులోనే, తరచుగా విడి గదిలో కూర్చోబెడతారనీ, స్నేహితులకు కనిపించే తేడా ఒంటిగంటన్నరకు గేటు దగ్గర అతను లేకపోవడం మాత్రమేననీ చెప్పండి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అతన్నే ఎంచుకోనివ్వండి. ‘నాకు చేతినొప్పి, అందుకే టైమ్ ఇచ్చారు’ అన్నా చాలు, అది అబద్ధం కూడా కాదు. నల్ల సిరా జవాబులు మొదట చూడవలసింది నిజానికి అతనే.

అనుమతి కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన గదిలో గంట దొరుకుతుందన్న భరోసా లేదు. 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా ఉన్న అవ్ని ప్రకాశ్ అనే విద్యార్థినికి పరీక్షా కేంద్రం అదనపు గంట ఇవ్వకుండా జవాబుపత్రం తీసేసుకుంది. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళితే, జరిగింది తప్పేనని చెబుతూ పరిహార చర్యలు ఆలోచించమని, నీట్ నిర్వహించే ఎన్‌టీఏను కోర్టు ఆదేశించింది గానీ, మళ్లీ పరీక్ష పెట్టమనలేదు. మీరు చేయవలసిందల్లా పరీక్షకు కొన్ని రోజుల ముందే అనుమతి ప్రతితో కేంద్రం సూపరింటెండెంటును కలవడం, ఒక ప్రతిని హాల్‌టికెట్‌తో పాటు ఉంచడం. ఈ పనికి మీవారే వెళితే బాగుంటుంది. ఒకసారి ఆ గదిని చూసి వస్తే ఆయన మనసులోని ముద్ర చాలావరకు చెరిగిపోతుంది.

పదో తరగతి తరవాత ఎంపీసీలో నిరభ్యంతరంగా చేర్చవచ్చు, గణితం మీద అతనికి ఇష్టముంటే. రాత సమస్య ఉన్నవాడికి ఈ దారి కొంత అనుకూలం కూడా, ఎందుకంటే జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ వంటివి కంప్యూటరు మీద జరుగుతాయి, పేజీలకు పేజీలు రాయవలసిన పని లేదు. మూడు గంటల జేఈఈ మెయిన్‌కు కూడా అర్హులైనవారికి మరో గంట ఇస్తారు. అయితే ఇంటర్మీడియట్ బోర్డు పరీక్ష మాత్రం రాతపరీక్షే, సీబీఎస్‌ఈ ఇచ్చిన అనుమతి అక్కడ దానంతట అదే కొనసాగదు, కళాశాల ద్వారా మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. అడ్మిషన్‌కు ముందే ప్రిన్సిపాల్‌ను ఈ విషయం అడగండి. వారాంతపు పరీక్షల్లో కూడా సమయం ఇస్తామని రాతపూర్వకంగా చెప్పని కళాశాల ఎంత పేరున్నదైనా నేను సిఫార్సు చేయను. సీఏ వంటి వివరణాత్మక పరీక్షల వైపు మొగ్గితే రాత భారం ఎక్కువ, కనుక టైపింగ్‌నో లేఖకుడితో పనిచేయడాన్నో ఇప్పటినుంచే గట్టిగా అలవరచుకోవాలి.

2026 నుంచి సీబీఎస్‌ఈ పదో తరగతికి రెండు విడతలు పెట్టింది. ఫిబ్రవరిలో అందరూ రాయాలి, మే నెలలో మూడు సబ్జెక్టుల వరకు మెరుగుపరచుకోవచ్చు. ఒక పేపరు తప్పిపోయినంత మాత్రాన కుదేలవ్వాల్సిన పని లేదని పిల్లవాడికి చెప్పడానికి ఇది మంచి ఆధారం. పరీక్షల రోజుల్లో ‘ఎన్ని వదిలేశావు’ అన్న ప్రశ్న మాత్రం ఇంట్లో వినిపించకుండా చూడండి. రెండున్నరకు బయటికి వచ్చే పిల్లవాడికి ఆకలి వేస్తుంటుంది కాబట్టి ముందు అన్నం పెట్టండి.

ఈ వారం మీరు చేయవలసిన పని ఒకటే. రిపోర్టు నకలు జతచేసి, అర్ధసంవత్సర పరీక్షల నుంచే అదనపు సమయం ఇవ్వమని కోరుతూ ప్రిన్సిపాల్‌కు ఒక లేఖ రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. లేఖ మీద మీ ఇద్దరి సంతకాలూ ఉండాలి. మీవారు అందుకు ఇంకా సిద్ధంగా లేకపోతే, నల్ల సిరా ఆదివారం అయ్యేవరకు ఆగండి, అంతకుమించి ఆగవద్దు.