చమురు బావికి తూము ఉంటుందా?

సందేహం: గురువుగారికి నమస్కారం. మాది పరకాల దగ్గర ఒక పల్లె. గల్ఫ్‌లో చమురు బావుల దగ్గర పనిచేస్తున్నాను. భూమికి వేల అడుగుల కింద, బావి లోపలి గొట్టానికి వాల్వులు బిగించి, పైనుంచి కరెంటుతో తెరవడం, మూయడం మా పని. ఏ పొర నుంచి ఎంత చమురు బావిలోకి రావాలో అవే అదుపు చేస్తాయి. కొత్తగా పనిలో చేరే తెలుగు పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాస్తున్నాం. అందులో నా మిత్రుడు ఈ వాల్వుకు ‘విద్యుచ్చాలిత అధోరంధ్ర అంతఃప్రవాహ నియంత్రణ కవాటం’ అని పేరు పెట్టాడు. నాకు నోరు తిరగలేదు. తూము అంటే సరిపోదా అని అడిగాను. తూము చెరువుకే ఉంటుంది, బావికి ఉండదు అన్నాడు. ఎవరి మాట ఒప్పు? చమురు బావి అనాలా, నూనె బావి అనాలా?
– ఒక పాఠకుడు, పరకాల

సమాధానం: మీ మిత్రుడి సమాసంలో వ్యాకరణ దోషం లేదు. సంధులు సరిగ్గానే కలిపాడు. కాబట్టి తప్పని కొట్టేయలేను. కానీ ఇంగ్లీషు మాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో సంస్కృత పదాన్ని అతికించి, వాటిని వరసగా పేర్చడమే పారిభాషిక పదకల్పన అనుకునే అలవాటు మనవాళ్లకు బాగా ముదిరింది. ఈ పేరు చదివిన పిల్లవాడికి ఆ వస్తువు ఎక్కడ ఉంటుందో, ఏం చేస్తుందో ఒక్క ముక్క కూడా తెలియదు. పైగా ‘అధః’ పక్కన ‘రంధ్రం’ చేరితే తెలుగువాడి చెవికి తోచే అర్థం మర్యాదగా ఉండదు. ‘బావి లోపలి’ అంటే అయిపోయేదానికి ఇంత ప్రయాస దేనికి?

ముందు కవాటం సంగతి. అమరకోశం ‘కపాటమరరం తుల్యే’ అంటుంది. కపాటమన్నా అరరమన్నా ఒకటే, తలుపు రెక్క. ఆ వెంటనే అర్గళం, అంటే గడియ, చెబుతుంది. కాళిదాసు రఘువును ‘కపాటవక్షాః’ అన్నది తలుపులా వెడల్పయిన రొమ్ము గలవాడని. మనం కవాటం అనే రూపాన్ని ఎక్కువగా వాడుతున్నాం. గుండెలోని వాల్వులను కవాటాలని పాఠ్యపుస్తకాల్లో రాశారు. అది బాగా కుదిరింది, ఎందుకంటే అక్కడ నిజంగానే రేకుల్లాంటి రెక్కలు తెరుచుకుని మూసుకుంటాయి. మీ బావి వాల్వులో రెక్క ఎక్కడుంది? నాకు తెలిసినంతలో అది చుట్టూ కిటికీల్లాంటి రంధ్రాలున్న గొట్టం. దాని లోపల ఇంకో తొడుగు జరుగుతుంది. తొడుగు జరిగినకొద్దీ రంధ్రాలు మూతపడతాయి, తెరుచుకుంటాయి. గొట్టంలో గొట్టం జరగడమే తప్ప తలుపు తెరుచుకోవడం కాదది.

ఇక తూము. ఈ మాట మీద నాకున్న మమకారం నా పాఠకులకు కొత్త కాదు. కాకతీయుల చెరువుల నీళ్లు తాగి పెరిగినవాడికి అది లేకపోతేనే వింత.

తూము అచ్చమైన ద్రావిడ పదం. తమిళంలో తూంబు, కన్నడంలో తూబు, మనకు తూము. తమిళుల తూంబుకు మొదటి అర్థం లోపల డొల్లగా ఉన్నది, గొట్టం. మదుగుతూము, అంటే చెరువు నీళ్లు వదిలే తూము, అనే అర్థం ఆ తర్వాతిది. మూడు భాషల్లో రూపం మారిన తీరు చూడండి. తమిళం పాంబు, మనది పాము, కన్నడం హావు. తమిళం వేంబు, మనది వేము, కన్నడం బేవు. దీర్ఘం తర్వాత వచ్చిన ‘ంబ’ మన దగ్గర ఒంటి మకారమయింది. అదే హ్రస్వం తర్వాత అయితే ద్విత్వం వస్తుంది, కొంబు కొమ్మయినట్టు. కన్నడం పాములోనూ వేములోనూ వకారానికి దిగింది గాని, తూబులో మాత్రం బకారాన్నే పట్టుకుంది. ఎందుకలా అంటే ఒక్క ముక్కలో తేలేది కాదు, ఇంకోసారి చెప్పుకుందాం. ఇప్పటికి కావలసింది ఒకటే. తూము పుట్టుకలోనే గొట్టం ఉంది. చెరువు తర్వాత వచ్చింది. కాబట్టి ‘తూము చెరువుకే ఉంటుంది’ అన్న మీ మిత్రుడి మాట పదచరిత్ర ముందు నిలవదు.

తూముకు కొలత అనే అర్థం కూడా ఉంది. నాలుగు కుంచాలు తూము, 20 తూములు పుట్టి. తూమెడు గింజలు చల్లే నేల తూమెడు నేల. ధాన్యం కొలిచే డొల్లపాత్ర కనుకే దానికీ ఆ పేరు వచ్చిందని నా మొగ్గు.

మా వైపు పాత చెరువుల తూములు చూసినవాళ్లకు దాని పనితనం చెప్పక్కర్లేదు. పాఖాల చెరువును గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి కట్టించాడు. 1213 నాటి రామప్ప గుడి పక్కనే రామప్ప చెరువుంది. గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అక్కడికి వచ్చే జనం పెరిగారు. వాళ్లలో ఎక్కువమంది శిల్పాలు చూసి వెళ్లిపోతారు, కట్ట మీదికి నడిచి తూము చూసేవాళ్లు తక్కువ. పాతకాలపు తూము కట్టుబడి ఇలా ఉండేది. నీళ్లలో రెండు నిలువు రాతి కంభాలు, వాటిని కలుపుతూ అడ్డరాళ్లు, ఆ రాళ్లలోని తొర్రల గుండా కిందికి దిగే పొడవాటి కర్ర, కర్ర కొసన కింది రంధ్రాన్ని మూసే బిరడా. కర్ర ఎత్తితే కట్ట కింది సొరంగం గుండా నీళ్లు కాలువలోకి పారేవి. ఎంత ఎత్తితే అంత నీరు. ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో, ఎవరి మడికి ముందు పారాలో చెరువు నీళ్లు పంచే నీరటికి తెలుసు.

మనిషి పైన, మూత లోతున, రెండింటినీ కలిపేది కర్ర. మీరు రాసిన యంత్రం ఏర్పాటు ఇదే కదా! లోపలి వాల్వులను పైనుంచే నడిపే ఈ తరహా బావులు మొదట ఉత్తర సముద్రంలోని స్నోరె చమురు క్షేత్రంలో 1997లో వచ్చాయి. వాటి అవసరం ఎందుకొచ్చిందో పిల్లలకు ముందు చెప్పండి. అడ్డంగా తవ్విన బావి కిలోమీటర్ల పొడవున పోతుంది. అది వంగే చోటును మీవాళ్లు మడమ అంటారు, చివరి కొసను కాలివేలు అంటారు. మడమ దగ్గర చమురు ఎక్కువగా లాగబడుతుంది, వేలి దగ్గర తక్కువ. అందుకని మడమ దగ్గరికే నీళ్లో గ్యాసో ముందుగా తోసుకొస్తాయి. ఒకసారి నీళ్లు దారి చేసుకున్నాయంటే వేలి వైపున్న చమురు లోపలే ఉండిపోతుంది. అందుకే గొట్టం చుట్టూ ఉన్న సందును మూసే ప్యాకర్లతో బావిని భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో వాల్వు పెట్టి, నీళ్లు వచ్చే చోట మూసి, చమురు వచ్చే చోట తెరిచి ఉంచుతారు.

ఆ వాల్వును కదిలించడానికి పాతపద్ధతిలో పైనుంచి సన్నగొట్టాల గుండా ఒత్తిడితో ద్రవం పంపేవారు, ఇప్పటికీ చాలాచోట్ల పంపుతున్నారు. ఒక్కో వాల్వుకు ఒక గొట్టం, అన్నిటికీ కలిపి ఇంకొకటి. 3 వాల్వులుంటే 4 గొట్టాలన్నమాట. వాల్వులు పెరిగినకొద్దీ అన్ని గొట్టాలు దించడానికి బావిలో చోటు చాలదు. పైగా అవి చాలావరకు మెట్టు మెట్టుగానే తెరుచుకుంటాయి. కరెంటు వాల్వుకైతే మోటారు ఉంటుంది. ఒకే తీగ మీద అనేక వాల్వులు నడుస్తాయి, కావలసినంత మేరకే తెరవవచ్చు, లోపలి ఒత్తిడి ఎంతో వేడి ఎంతో ఆ తీగే పైకి చెబుతుంది. కర్ర పోయి ద్రవం వచ్చింది, ద్రవం ఉన్నచోటికి కరెంటు వస్తోంది. ఏది వచ్చినా చేసేది మాత్రం తూము పనే.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయను. చెరువు తూము నీళ్లను బయటికి వదులుతుంది. మీ వాల్వు చమురును బావిలోకి రానిస్తుంది. దిశ వేరు కదా అని మీ మిత్రుడు అడగవచ్చు. కాలువ వైపు నిలబడి చూస్తే తూము నీళ్లు లోపలికే వస్తున్నాయి. అయినా ఆ ఆక్షేపణలో కొంత బలముంది కాబట్టి తూముకు ముందు ఇంకో మాట చేర్చమంటాను. ఆ మాట ఊట.

‘అంతఃప్రవాహం’ అని కష్టపడి కట్టిన మాటకు బావి దగ్గర మన తాతలు పెట్టిన పేరు ఊట. ఊఱు నుంచి ఊట, తేఱు నుంచి తేట వచ్చినట్టు. ఇది బండిరా (ఱ) ఉన్న ఊఱు. మనముండే ఊరుకు దీనికీ చుట్టరికం లేదు, తమిళంలో ఈ తేడా ఇప్పటికీ నిలిచి ఉంది. ఊరగాయ, నోరూరడం ఈ ఊఱు సంతానమే. రాతిపొరల సందుల్లోంచి పీడనంతో ద్రవం బావిలోకి చేరడాన్ని చెప్పడానికి ఇంతకన్న కచ్చితమైన మాట నాకు తోచదు. బాయి తవ్విన రైతు ‘ఊట బాగుంది’ అంటాడు గాని ‘అంతఃప్రవాహం సంతృప్తికరం’ అనడు. ఇన్ని వందల ఏళ్లుగా జనం నోట నలిగిన మాటను పక్కన పెట్టి, నిఘంటువు వెతికి కొత్తది కట్టుకునే మన చదువుల మీద నాకు కోపం వస్తుంది. చెరువు నిండి పొర్లితే మత్తడి దుంకిందనే జిల్లాలో విలేకరి ‘అలుగు పారింది’ అని రాస్తాడు. అలుగు మంచి మాటే, కానీ మా నోట మత్తడే పలుకుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువులు బాగుపడ్డాయి, సంతోషం. తూము ముందు నిలబడి ‘స్లూయిస్’ అని రాసుకునే అలవాటు కూడా అప్పుడే బాగుపడి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి.

కాబట్టి ‘ఊట తూము’ అని రాయండి. కరెంటుదని విడిగా చెప్పాల్సి వచ్చినచోట ‘కరెంటు ఊట తూము’. కరెంటు ఇంగ్లీషు కదా అని సందేహించకండి. రైలుబండిని ఒప్పుకున్న భాష దీన్నీ ఒప్పుకుంటుంది. విద్యుత్తే కావాలంటే ‘విద్యుత్తుతో నడిచే ఊట తూము’ అని విడదీసి రాయండి. సమాసం చేయాలన్న పట్టుదలే లేకపోతే సగం చిక్కులు రావు. అయితే తూము అన్నది దారికీ, దాన్ని మూసే సాధనానికీ కలిపి వాడుకలో ఉన్న పేరు. తొడుగు ఒక్కదాన్నే, మోటారు ఒక్కదాన్నే చెప్పే చోట తూము అనకండి. తొడుగు, మోటారు అనే రాయండి. పరీక్షలకు, ప్రభుత్వ పత్రాలకు రాసేటప్పుడు కవాటమే అడిగితే కవాటం రాయండి, అది తప్పు కాదు. పనిచోట పిల్లలు ‘వాల్’ అనే అంటారు. బోరు దగ్గర ‘గేటువాల్’ అన్న నోటికి ‘వాల్’ తెలుగే. దాన్ని దిద్దబోకండి.

రెండో సందేహం చిన్నది. నూనె అంటే నువ్వుల నెయ్యి, తమిళుల ఎణ్ణెయ్ ఎళ్‌ + నెయ్ అయినట్టు. పుట్టుక అదే అయినా తర్వాత అన్ని నూనెలకూ చెల్లింది. మన పల్లెల్లో కిరోసిన్‌ను గ్యాసునూనె అన్నారు, వంటకు వాడేది మంచినూనె. ఆ లెక్కన నూనె బావి తప్పు కాదు. కానీ పత్రికలూ జనమూ చమురు బావికి స్థిరపడ్డారు. అలాగే ఉంచండి. బావి వాపి నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. మన సింగరేణి కార్మికుడు బొగ్గుగనిని బాయి అన్నాడంటే లోతుకు దిగే ఏ తవ్వకానికైనా ఆ పేరు చెల్లుతుందనే.

క్రియల విషయం మీరు అడగలేదు గాని పుస్తకానికి పనికొస్తుంది. చెరువు తూమును ఎత్తుతాం, దించుతాం. మీ తూములో తొడుగు గొట్టం వెంట జరుగుతుంది, గొట్టం అడ్డంగా కూడా పడుకుని ఉంటుంది. అందుకని అక్కడ ఎత్తడం పొసగదు, తెరవడం, మూయడం వాడండి. ద్రవంతో నడిచేదాన్ని ‘మూడో మెట్టు దాకా తెరిచాం’ అనండి. కరెంటుదాన్ని ‘30 శాతం తెరిచాం’ అనండి.