పిచ్ అన్న మాట ఎదురైతే ముందు ప్రమాణం చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

సాంకేతిక అనువాదాలు మొదలుపెట్టావని తెలిసి సంతోషించాను. 'పిచ్' దగ్గర కలం ఆగిపోతోందని రాశావు. దానికి అన్నిచోట్లా సరిపోయే ఒక్క తెలుగు మాట కోసం వెతక్కు, దొరకదు. నిఘంటువు తెరిచే ముందు ఆ మాట పక్కన ఏ ప్రమాణం ఉందో చూడు. మిల్లీమీటర్లో అంగుళాలో ఉంటే దూరం. హెర్ట్జ్ ఉంటే నాదం. డిగ్రీలో నిష్పత్తో ఉంటే వాలు. ఏదీ లేకపోతే అది చోటా, పదార్థమా, చేసే పనా అన్నది వాక్యమే చెప్పాలి.

దూరం అయినప్పుడు బాగా జాగ్రత్తపడు, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. వరసగా ఒకే తీరున వచ్చే వస్తువుల్లో, ఒకదాని మీది బిందువు నుంచి పక్కదాని మీది అదే బిందువు దాకా ఉన్న దూరమే పిచ్. రెంటి మధ్య ఖాళీ కాదు. విమానంలో సీట్ పిచ్ 30 అంగుళాలంటే మోకాళ్ల ముందు అంత జాగా ఉందని కాదు, సీటు వీపు మందం కూడా అందులోనే కలిసి ఉంటుంది.

బోల్టు మీద ఎం8 × 1.25 అని ఉంటే 8 మిల్లీమీటర్లు వ్యాసం, 1.25 మిల్లీమీటర్లు త్రెడ్ (మర చుట్టు) పిచ్. ఎం8 × 1 బోల్టూ ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే. ఒకదాని నట్టు రెండోదానికి పెడితే కొద్దిగా తిరిగి బిగుసుకుపోతుంది, స్పానర్ వేసి బలవంతంగా తిప్పితే త్రెడ్ చెడిపోతుంది. అందుకే ఆ రెండో అంకెను ఎప్పుడూ వదిలెయ్యకు. అంగుళాల బోల్టులకు అంగుళానికి ఎన్ని త్రెడ్లో చెబుతారు. 20 అని ఉంటే 25.4ను 20తో భాగించు, 1.27 వస్తుంది. అది 1.25కు దగ్గరే కానీ 1.25 కాదు.

'ఒక్క చుట్టుకు మర ముందుకు జరిగే దూరం' అన్న నిర్వచనం చాలాచోట్ల కనిపిస్తుంది. త్రెడ్ ఒకటే ఉన్న మరకు అది సరైనదే. రెండు త్రెడ్లు జంటగా సాగే మరలో పిచ్ 2 మిల్లీమీటర్లయితే ఒక్క చుట్టుకు 4 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ దూరాన్ని లీడ్ అంటారు. మూలంలో రెండు మాటలూ ఉంటే రెంటినీ వేర్వేరుగానే ఉంచు.

ఎలక్ట్రానిక్స్‌లో పిన్ పిచ్ 2.54 మిల్లీమీటర్లని ఉంటే దాన్ని 2.5 చెయ్యకు. రెండు కొలతల్లోనూ కనెక్టర్లు ఉన్నాయి. నాలుగు పిన్నులకు వచ్చే తేడా 0.12 మిల్లీమీటరే కాబట్టి ఎలాగో దూరిపోతుంది. ఒకే వరసలో నలభై పిన్నులుంటే తేడా 1.56 మిల్లీమీటర్లకు చేరుతుంది, చివరి పిన్నులు రంధ్రాల్లోకి దిగనే దిగవు.

ఇంటి కప్పుల విషయంలో 4:12 అని కనిపిస్తుంది. అడ్డంగా 12 అంగుళాలకు ఎత్తు 4 అంగుళాలు పెరుగుతుందని దానర్థం. డిగ్రీల్లో అది 18.4. నిష్పత్తిని కోణంగా చదివితే లెక్కంతా పాడవుతుంది.

విమానం పిచ్ అంటే ముక్కు పైకీ కిందికీ కదలడం. దాన్ని అదుపుచేసే తోక రెక్క పేరు ఎలివేటర్. అదే 'ఎలివేటర్ పిచ్' వ్యాపార వ్యాసంలో వస్తే, లిఫ్టు ఎక్కి దిగేలోపు ముగించగలిగేంత చిన్న ప్రతిపాదన అని అర్థం. ప్రొపెల్లర్ పిచ్ ఇంకొకటి. 10 × 6 అంటే వ్యాసం 10 అంగుళాలు, ఏమీ జారకుండా ఒక్క చుట్టులో ముందుకు పోవాల్సిన దూరం 6 అంగుళాలు. విమానం గురించిన ఒకే పేరాలో ముక్కు పిచ్, ప్రొపెల్లర్ పిచ్ రెండూ ఎదురుకావచ్చు.

సంగీతంలో శ్రుతి సరిపోతుంది. 440 హెర్ట్జ్ అన్నది పాశ్చాత్య వాద్యాలను శ్రుతి చేసుకునే ప్రామాణిక స్వరం. హై పిచ్‌ను 'బిగ్గరగా' అని మాత్రం రాయకు. దోమ రొద సన్నగా వినిపించినా దాని పిచ్ ఎక్కువే.

క్రికెట్‌లో పిచ్ 22 గజాల పట్టీ, ఫుట్‌బాల్‌లో మైదానమంతా పిచ్చే. బేస్‌బాల్‌లో పిచ్ చేయడమంటే బంతి విసరడం, క్రికెట్‌లో బంతి నేలను తాకడం. 'లెగ్ స్టంప్ బయట పిచ్ అయింది' అన్నచోట విసిరాడని రాస్తే, ఎల్‌బీడబ్ల్యూ ఎందుకు ఇవ్వలేదో పాఠకుడికి అర్థమే కాదు.

ఇక తారులాంటి నల్లటి పదార్థం ఉంది. రాయిలా పగులుతుంది, అయినా అతి నెమ్మదిగా జారుతుంది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో మొదలైన ప్రయోగంలో దాని తొమ్మిదో చుక్క 2014లో పడింది. పిచ్ డార్క్ అన్నది ఆ నలుపు నుంచి వచ్చిందే. దానికి మనకు చిమ్మచీకటి ఉండనే ఉంది.

నీ పదపట్టికలో పిచ్‌కు రంగానికొక వరస చొప్పున రాసుకో, పక్కన ప్రమాణం కూడా వెయ్యి. మొత్తం పత్రంలో ఒక్క నొక్కుతో మార్చేసే పని ఈ మాటకు మాత్రం పెట్టుకోకు. ప్రతిచోటా ఆగి చూసి మార్చు.

ఆశీస్సులతో,
మీ బాబాయి