అమ్మానాన్నలతో జ్యూరిక్ నుంచి మిలాన్‌కి: సొరంగం దారి వద్దు, కొండ దారిన వెళ్లండి

మీరు అడిగింది ఇది: మే నెలలో భీమవరం నుంచి అమ్మానాన్నలను జ్యూరిక్‌లో ఉన్న అక్క దగ్గరికి తీసుకెళ్తున్నారు. అక్కడి నుంచి ఆల్ప్స్ చూపిస్తూ రైల్లో మిలాన్ వెళ్లాలి. ఏ రైలు బుక్ చెయ్యాలి, పెద్దవాళ్లు తట్టుకుంటారా అని. మాది రాజోలు. రెండేళ్ల కిందట మేలోనే మా అమ్మనీ నాన్ననీ ఇదే ప్రయాణానికి తీసుకెళ్లాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

జ్యూరిక్ నుంచి మిలాన్‌కి నేరుగా ఒక రైలుంది, మూడున్నర గంటల్లోపే దించేస్తుంది. చాలామంది అదే బుక్ చేసేస్తారు. కానీ అది 2016లో తెరిచిన గోట్‌హార్డ్ బేస్ టన్నెల్‌లోంచి పోతుంది. 57 కిలోమీటర్ల సొరంగం అది, ప్రపంచంలో అంతకన్నా పొడవైన రైలు సొరంగం లేదు. గొప్ప కట్టడమే, కాదనను. కానీ ఆల్ప్స్ చూద్దామని అంత దూరం వచ్చి, ఆ కొండల అడుగునుంచి చీకట్లో వెళ్లిపోతే ఎలాగండీ?

మీ దారి ఇది: జ్యూరిక్, ఖూర్, సెయింట్ మోరిట్జ్, ఇటలీ సరిహద్దులోని తిరానో, మిలాన్. ఖూర్ నుంచి తిరానో దాకా మన పెద్దవాళ్లకి తెలిసిన మీటర్‌గేజీ లైను, ఎర్ర పెట్టెలు. యునెస్కో 2008లో ఈ లైనులో తూసిస్ నుంచి తిరానో దాకా ఉన్న భాగాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇందులో సెయింట్ మోరిట్జ్ నుంచి తిరానో దాకా ఉన్న బెర్నీనా లైను 1910లో పూర్తయింది. ఓస్పిత్సియో బెర్నీనా స్టేషను దగ్గర 2,253 మీటర్ల ఎత్తుకి ఎక్కి, తిరానో దగ్గర 429 మీటర్లకి దిగుతుంది. నిటారు కొండల మీద రైలు జారకుండా మధ్యలో వేసే పళ్ల పట్టా లేకుండా, మామూలు పట్టాల మీదే.

ఇదే పట్టాల మీద రెండు రకాల రైళ్లు తిరుగుతాయి. బెర్నీనా ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టుతోపాటు సీటు రిజర్వేషన్ డబ్బులు కూడా వేరేగా కట్టాలి. దాని అద్దాలు పైకప్పు దాకా ఉంటాయి గానీ తెరుచుకోవు. గంట గంటకీ వెళ్లే లోకల్ రైలుకి రిజర్వేషన్ అక్కర్లేదు, నచ్చిన చోట దిగి తరవాతి రైలు ఎక్కొచ్చు, కొన్ని పెట్టెల్లో కిటికీ కిందికి దించుకోవచ్చు కూడా. పెద్దవాళ్లతో వెళ్తే లోకలే మేలని నేను గట్టిగా చెప్తాను. అమ్మకి కళ్లు తిరిగినా, నాన్న టీ అడిగినా దిగిపోవచ్చు. ఫలానా టైముకి ఫలానా రైలు అందుకోవాలన్న టెన్షన్ ఉండదు. స్విస్ ట్రావెల్ పాస్ కొంటే అది తిరానో దాకా చెల్లుతుంది.

ఒక్క రోజులో మిలాన్ చేరాలని చూడకండి. మధ్యలో ఒక రాత్రి ఆగండి. మేము పోస్కియావో అనే చిన్న ఊళ్లో ఆగాం. ఆ ఊరు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులోనే ఉంది, అంటే పై ఎత్తులో గడిపేది కాసేపే, పడుకునేది కిందికి దిగాకే. నాన్నకి బీపీ ఉంది, బయల్దేరే ముందు డాక్టరుని అడిగాం, మీరూ అడగండి. మాకైతే ఏ ఇబ్బందీ రాలేదు, చలి తప్ప. మా ఊళ్లో నలభై డిగ్రీల ఎండలోంచి వెళ్లినవాళ్లం, అక్కడ పైన ఓస్పిత్సియో బెర్నీనా దగ్గర సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. స్వెట్టర్లు పెద్ద పెట్టెలో అడుగున పెట్టేశాను. అమ్మ నేత చీర మీద పల్చటి శాలువా కప్పుకుని వణికిపోయింది. స్వెట్టర్లు, మాత్రలు, పాస్‌పోర్టులు చేతిసంచిలోనే ఉండాలి.

ఖూర్ దాటాక ఫిలిజూర్ స్టేషను ముందు ఒక రాతి వంతెన వస్తుంది, పేరు లాండ్‌వాసర్. 65 మీటర్ల ఎత్తున, వంపు తిరిగి, నేరుగా కొండ గోడలో ఉన్న సొరంగంలోకి దూరుతుంది. అక్కడ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్నకి మాత్రం పోస్కియావో దాటాక వచ్చే బ్రూజియో నచ్చింది. అక్కడ రైలు రాతి కమానుల మీద గుండ్రంగా ఒక పూర్తి చుట్టు తిరిగి, తను దాటి వచ్చిన వంతెన కిందనుంచే బయటికి వస్తుంది. నాన్న కిటికీకి నుదురు ఆనించి, తిరుగుతున్న రైలు ముందు పెట్టెలకేసి చూస్తూ అడిగారు, "ఎందుకురా ఇలా తిప్పాడు?" ఈ లైనులో వాలు వంద మీటర్లకి ఏడు మీటర్లు మించదు, కొండేమో అంతకంటే నిటారుగా ఉంది, అందుకని చుట్టు తిప్పి దూరం పెంచారు అన్నాను. కాసేపు ఆలోచించి, "ఓహో, మన లాకుల్లో పడవని నీళ్లు తగ్గించి దింపుతారు. ఇక్కడ నీళ్లు లేవు గదా, చుట్టు తిప్పి దింపాడు" అన్నారు. చిన్నప్పుడు కొబ్బరికాయల పడవల మీద కాలవల వెంట తిరిగిన మనిషి. ఏటిగట్టుని మించిన ఎత్తు లేని నేల మాది. ఆ కొండ ఆయనకి అలా అర్థమైంది. నాకు ఆ ప్రయాణం మొత్తంలో మిగిలింది ఆ మాటే.

ఇక నేను చేసిన పొరపాటు. తిరానోలో స్విస్ స్టేషను, ఇటలీ స్టేషను పక్కపక్కనే, నాలుగడుగుల దూరం. అది చూసి ఏడెనిమిది నిమిషాలు చాలనుకున్నాను. పెట్టెలు దింపి, అమ్మని నడిపించి, టికెట్ మెషీన్ దగ్గరికి చేరేసరికి మిలాన్ రైలు కదిలిపోయింది. తరవాతిది రెండు గంటలకి. నాన్న ఏమీ అనలేదు గానీ అలిసిపోయారు. మీరు కనీసం గంట తేడా పెట్టుకోండి, మిలాన్ టికెట్ ముందే ఫోన్‌లో కొనేయండి. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు మెషీన్‌లో ముద్ర వేయించాలి, మర్చిపోతే జరిమానా.

వీసా సంగతి సులువే. రెండు దేశాలూ షెంగెన్‌లోనివే, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల్లోనివే కాబట్టి ఒకటే చాలు, ఎక్కువ రోజులు ఉండే దేశానికి అప్లై చెయ్యాలి. మీకు అది స్విట్జర్లాండ్. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ తీసుకుంటారు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు, ఇటలీలో యూరోలు, రెండూ కొంచెం దగ్గర పెట్టుకోండి. తినడానికి పులిహోర కలుపుకుని వెళ్లండి, రైల్లో తింటే ఎవరూ ఏమీ అనరు. ఇంటినుంచి మాత్రం పాలపదార్థాలు, మాంసం పట్టుకెళ్లకండి, బయటి దేశాల నుంచి తేనివ్వరు.

సెయింట్ మోరిట్జ్ నుంచి తిరానో దాకా కుడి పక్క కూర్చోండి. తిరానో నుంచి మిలాన్‌కీ కుడి పక్కే. కోలికో దగ్గర కోమో సరస్సు మొదలవుతుంది, అప్పటికి అమ్మానాన్నలు కునుకు తీస్తుంటే లేపండి.