సగంలో ఆగిపోయే డీవీడీ: కేసుకు గుణుపురం నుంచి విశాఖ వెళ్లాలా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు వీడియోలు తీసి బతుకుతున్నాను. ఎనిమిది నెలల కిందట విశాఖపట్నంలో డీవీడీ రైటర్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. మామూలు డీవీడీలు బాగానే రాస్తోంది. డబుల్ లేయర్ డిస్కు పెడితే మాత్రం సగం దాకా వెళ్లి ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. సర్వీస్ సెంటర్ వాళ్లు డ్రైవు బాగుంది, డిస్కులే నాసిరకం అంటున్నారు. డిస్కులు అమ్మిన షాపాయన డ్రైవుదే తప్పంటున్నాడు. బిల్లు మీద ‘వివాదాలు విశాఖపట్నం కోర్టుల పరిధికి మాత్రమే లోబడి ఉంటాయి’ అని అచ్చేశారు. ఇటు పెళ్లివారు డీవీడీ అందలేదని బాకీ ఆపేసి, నా మీదే కేసు వేస్తామంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: విశాఖ సంగతి తేలిక, ముందు అది చెప్పేస్తాను. వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. దాని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాది నివసించే చోట, లేదా స్వయంగా పనిచేసుకునే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. అంటే మీకు రాయగడ. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. బిల్లు మీద దుకాణదారు అచ్చేసుకున్న ముక్క చట్టం ఇచ్చిన ఈ హక్కును తీసేయలేదు. కొన్న వస్తువు ధర 5 లక్షల లోపుంటే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. గడువు మాత్రం వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. వకీలును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. ఇది చెప్తే మా వాళ్లు నన్ను తిట్టుకుంటారు.

‘మీరు వ్యాపారం చేస్తున్నారు, వినియోగదారు కాదు’ అని కంపెనీ వకీలు తప్పకుండా అంటాడు. భయపడకండి. కేవలం జీవనోపాధి కోసం, స్వయం ఉపాధి కింద కొని వాడుకునే వస్తువు ‘వాణిజ్య అవసరం’ కిందికి రాదని 2(7) సెక్షన్ వివరణ చెబుతోంది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. పనిలో ఒకరిద్దరిని సాయం పెట్టుకున్నంత మాత్రాన వినియోగదారు కాకుండా పోరని కూడా చెప్పింది. కాబట్టి లైటు పట్టుకునే కుర్రాడు ఉన్నా ఫర్వాలేదు. కానీ ఫిర్యాదులో ‘ఈ పని తప్ప నాకు వేరే ఆధారం లేదు, ఈ ల్యాప్‌టాప్ మీద నేనే పనిచేస్తాను’ అని స్పష్టంగా రాయండి. ఆ వాక్యం లేక కొట్టుకుపోయిన కేసులున్నాయి.

అసలు చిక్కు వేరే ఉంది. వస్తువులో లోపం ఉందని చూపించాల్సింది మీరే. మీరు రాసిన దాన్ని బట్టి డ్రైవు తప్పో డిస్కు తప్పో నాకు తేలలేదు, కమిషన్‌కూ తేలదు. సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు కూడా.

మామూలు డీవీడీలో 4.7 జీబీ పడితే డబుల్ లేయర్‌లో 8.5 జీబీ పడుతుంది. డ్రైవు ముందు మొదటి పొర మీద లోపలి అంచు నుంచి బయటికి రాసుకుంటూ పోతుంది. తర్వాత లేజర్ ఆ మొదటి పొర గుండానే రెండో పొర మీదికి ఫోకస్ మార్చుకుని, బయటి నుంచి లోపలికి వెనక్కి రాస్తుంది. మీకు ఆగుతున్నది సరిగ్గా ఈ మలుపు దగ్గరే కావచ్చు. అక్కడ లేజర్‌కు ఎక్కువ పవర్ కావాలి. లేజర్ బలహీనపడినా, డిస్కు పూత నాసిరకమైనా, ఆ డిస్కు తీరు డ్రైవు ఫర్మ్‌వేర్‌కు, అంటే డ్రైవును లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌కు, తెలియకపోయినా ఫలితం ఒకేలా కనిపిస్తుంది. మామూలు డీవీడీలు బాగా రాస్తోంది కాబట్టి డ్రైవు మంచిదేనన్న వాదన అందుకే నిలవదు. డిస్కులదే తప్పన్న వాదనకు కూడా ఇంతవరకు రుజువు లేదు.

కాబట్టి అవతలివాళ్లకు నోటీసు పంపే ముందు ఈ పని చేయండి. మాన్యువల్‌లో ఆ డ్రైవు డబుల్ లేయర్ రాస్తుందని ఉందో లేదో చూడండి. డబుల్ లేయర్‌నే డీఎల్ అని రాస్తారు. అందులో ప్లస్ ఆర్ డీఎల్, మైనస్ ఆర్ డీఎల్ అని రెండు రకాలుంటాయి, ఏది రాసి ఉందో ఆ రకమే వాడాలి. అసలు డీఎల్ మాటే లేకపోతే కేసు అక్కడితో అయిపోయింది, డబ్బు దండగ చేసుకోకండి. ఉంటే, కంపెనీ వెబ్‌సైట్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూసి వేయండి. ఛార్జర్ పెట్టి, వేరే ప్రోగ్రాములన్నీ మూసేసి, సాఫ్ట్‌వేర్ చూపించే అన్నిటికంటే తక్కువ వేగంలో రాయండి. తర్వాత వేరే కంపెనీ మంచి డిస్కులు తెచ్చి అదే వీడియో రాసి చూడండి. చివరగా, మీ దగ్గర విఫలమైన పెట్టెలోని డిస్కునే స్నేహితుడి కంప్యూటర్‌లో రాయించండి. అక్కడ చక్కగా రాసి, మీ డ్రైవులో రెండు కంపెనీల డిస్కులూ ఆగిపోతే వేలు డ్రైవు వైపే చూపిస్తుంది. మంచి డిస్కులు మీ డ్రైవులో బాగా రాస్తే మీ తగాదా డిస్కులు అమ్మినాయనతోనే, ల్యాప్‌టాప్ కంపెనీ జోలికి వెళ్లకండి.

పాడైన డిస్కులు పారేయకండి, అవే మీ సాక్ష్యం. ఒక్కోదాన్ని కవర్లో పెట్టి, తేదీ, ఎంత శాతం దగ్గర ఆగిందీ కవరు మీద రాయండి. డిస్కు రాసే (బర్నింగ్) సాఫ్ట్‌వేర్ నమోదు చేసుకునే లాగ్ ఫైలు దాచుకోండి. డ్రైవు పేరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, డిస్కు కోడ్, వేగం, ఎర్రర్ అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ప్రింటుకు 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని కోర్టుల్లా పట్టుబట్టవు గానీ, అవతలివాళ్లు నోరెత్తకుండా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం జాబ్ షీట్, అంటే సర్వీస్ సెంటర్ వాళ్లు ఏం చూశారో రాసిచ్చే కాగితం. సర్వీస్ సెంటర్ వాళ్లు ‘చూశాం, బాగుంది’ అని నోటితో చెబితే ఊరుకోకండి. వాళ్ల ముందే డబుల్ లేయర్ డిస్కు రాయించి, ఫలితం షీట్ మీద రాసిమ్మని అడగండి. ఇవ్వనంటే ఆ సంగతే అదే రోజు ఈమెయిల్ చేయండి. బజార్లో ఎవరో మెకానిక్ చేత మాత్రం విప్పించకండి. వారంటీతోపాటు కేసు కూడా పోతుంది.

అవసరమైతే కమిషన్ 38వ సెక్షన్ కింద వస్తువును ల్యాబొరేటరీకి పంపవచ్చు, ఆ పరీక్ష ఫీజు మీరే డిపాజిట్ చేయాలి. ల్యాప్‌టాప్ అమ్మిన షాపును, కంపెనీని, సర్వీస్ సెంటర్‌ను ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. కోరేది అతిగా ఉండకూడదు. డ్రైవు మార్చాలని, కుదరకపోతే దాని విలువ ఇప్పించాలని, పాడైన డిస్కుల ఖర్చు, కొంత పరిహారం కావాలని అడగండి. ల్యాప్‌టాప్ ధర మొత్తం వెనక్కి కావాలంటే నమ్మించడం కష్టం. అర్జీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించండి. తెలుగులో నడిచిన వాట్సాప్ సంభాషణలకు అనువాదం జతచేయండి, లేకపోతే వాయిదా పడుతుంది. ఇంతదూరం వెళ్లే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి చూడండి. చిన్న వస్తువుల తగాదాల్లో కంపెనీలు చాలాసార్లు అక్కడే దిగొస్తాయి.

ఇక పెళ్లివారు. ఇక్కడ మీరు సేవలందించినవారు, వాళ్లు వినియోగదారులు. మీ డ్రైవు పాడైందన్నది వాళ్లకు మీరిచ్చే జవాబు కాదు. సేవాలోపం కింద వాళ్లు మీ మీద ఫిర్యాదు చేయవచ్చు. అందుకని ఇవాళే వీడియోను రెండు మామూలు డీవీడీల్లో విడగొట్టి, ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపండి. అసలు ఫుటేజీ బాకీ తేలేదాకా చెరిపేయవద్దు. వాళ్లు ఆపిన డబ్బు కోసం మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేరు. దానికి సివిల్ కోర్టులో దావా వేయాలి, గడువు మూడేళ్లు.